కోవిడ్-19 కాలంలో స్థానిక పాలన, కుటుంబ సహాయం: కోటబొమ్మాళి, టెక్కలి, ఉద్దానం తీరం

మహమ్మారి కాలంలో స్థానిక ప్రభుత్వ సహాయం అంటే గ్రామ పంచాయతీ, మండల పరిషత్తు, పురపాలక సంఘం, వాటి పరిధిలోని సచివాలయాలు, ఆరోగ్య కేంద్రాలు చేసే రెండు రకాల పని. ఒకటి రోగం ఊళ్లో పాకకుండా చూడడం. రెండోది, పనులు ఆగి రాబడి పోయిన ఇళ్లకు తిండి, డబ్బు, వైద్యం అందేలా చూడడం. శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి, టెక్కలి, పలాస, ఉద్దానం తీర మండలాల్లో 2020 మార్చి నుంచి 2022 ఆరంభం వరకు ఈ రెండు పనులూ సాగాయి. వాటి తీరు, వాటికి ఆధారమైన చట్టాలు, నిధులు, ఎదురైన వైఫల్యాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

ప్రాంతం, జీవనాధారాలు

కోటబొమ్మాళి పదహారో నంబరు జాతీయ రహదారి మీద, శ్రీకాకుళానికీ టెక్కలికీ నడుమ ఉన్న మండల కేంద్రం. హౌరా–చెన్నై రైలు మార్గమూ ఇటుగానే వెళ్తుంది. ఊరికి కొత్తమ్మతల్లి జాతర పేరు తెచ్చింది. ఈ మండలం సాధారణంగా ఉద్దానంలోకి రాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు అక్కడి ఆస్తి. పలాస–కాశీబుగ్గ జంట పట్టణాలు జీడిపప్పు పరిశ్రమకు కేంద్రం. ఆ పరిశ్రమలో గింజ ఒలిచే పని ఎక్కువగా ఆడవాళ్లది, చేసిన పనిని బట్టి కూలి. నువ్వలరేవు, మంచినీళ్లపేట, భావనపాడు వంటి ఊళ్లు చేపల వేట మీద బతుకుతాయి.

మహమ్మారి వచ్చేనాటికే ఈ ప్రాంతం మీద మూడు భారాలున్నాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది కనుక 2020 నాటికీ ఆ నష్టం పూడలేదు. ఉద్దానంలో కారణం తేలని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఇంటింటి సమస్య (చూ. ఉద్దానం కిడ్నీ వ్యాధి). మూడోది వలస. విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై, ముంబై, గుజరాత్ రేవుల నుంచి వచ్చే డబ్బుతో నడిచే ఇళ్లు జిల్లా అంతటా ఉన్నాయి. కనుక రవాణా ఆగిపోవడం అంటే ఇక్కడ చాలా ఇళ్లకు రాబడి ఆగిపోవడమే.

చట్టబద్ధమైన పునాది

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. ఆరోగ్యం, పారిశుద్ధ్యం, స్త్రీ శిశు సంక్షేమం, ప్రజాపంపిణీ వాటిలోవే. పట్టణాలకు పన్నెండో షెడ్యూలు ప్రజారోగ్యాన్ని, పారిశుద్ధ్యాన్ని, చెత్త నిర్వహణను చేర్చింది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఊరి పారిశుద్ధ్యం, తాగునీరు, అంటువ్యాధుల నివారణ పనులను పంచాయతీకి ఇచ్చింది.

అయితే మహమ్మారిలో ఆజ్ఞలు ఈ దారిన రాలేదు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఆధారంగా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఉత్తర్వులిచ్చాయి. జిల్లాలో వాటి అమలు కలెక్టరు చేతిలో, మండలంలో తహసీల్దారు, ఎంపీడీవో, పోలీసు, వైద్యాధికారి చేతుల్లో సాగింది. ఊళ్లో ఆ ఆజ్ఞను అమలుచేసే చివరి మనిషి పంచాయతీ కార్యదర్శి. ఇక్కడ స్థానిక ప్రభుత్వం అన్న మాటను ఈ పరిమితితోనే అర్థం చేసుకోవాలి. ఎక్కువ సందర్భాల్లో అది నిర్ణయం తీసుకున్న సంస్థ కాదు, పైనుంచి వచ్చిన నిర్ణయాన్ని గడప దాకా చేర్చిన సంస్థ.

పూర్వ చరిత్ర

టెక్కలి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం కింద తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు రోడ్లతో పాటు టీకాలు, ఆస్పత్రులు, పారిశుద్ధ్యం చూసేవి. మశూచి, కలరా తరచూ వచ్చే ఆ కాలంలో ఊళ్లు గ్రామదేవతకు మొక్కుకోవడం, బోర్డు పంపిన టీకా మనిషి రావడం పక్కపక్కనే జరిగేవి. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం దేశంలో ఆ తరహా చట్టాల్లో మొదటిది. అంటురోగాన్ని ప్రకటించడం, రోగిని వేరుచేయడం, నీటి వనరును మూయించడం వంటి అధికారాలను అది స్థానిక సంస్థలకు, ఆరోగ్యాధికారులకు స్పష్టంగా ఇచ్చింది. ఎనభై ఏళ్ల తరువాత వచ్చిన కోవిడ్‌లో వాడుకలోకి వచ్చింది మాత్రం అంతకన్నా పాతదైన 1897 చట్టం.

ప్రతినిధులు లేని పంచాయతీలు, పనిచేసిన సచివాలయాలు

ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచుల పదవీకాలం 2018 ఆగస్టులో ముగిసింది. మండల, జిల్లా పరిషత్తులు, పురపాలక సంఘాల గడువు 2019లో తీరిపోయింది. ఎన్నికల ప్రక్రియ 2020 మార్చిలో మొదలైనా, కోవిడ్ కారణంగా మార్చి 15న రాష్ట్ర ఎన్నికల సంఘం వాయిదా వేసింది. అందువల్ల మొదటి దశ మొత్తం పల్లెలు, పలాస–కాశీబుగ్గ పురపాలక సంఘం ప్రత్యేకాధికారుల పాలనలోనే ఉన్నాయి. ప్రజలెన్నుకున్న సర్పంచి ఒక్కరూ పదవిలో లేని సమయంలో లాక్‌డౌన్ అమలైంది.

ఆ ఖాళీలో నిలబడింది కొత్తగా వచ్చిన సచివాలయ వ్యవస్థ. వాలంటీర్ల నియామకం 2019 ఆగస్టు 15న, గ్రామ, వార్డు సచివాలయాలు అదే ఏడాది అక్టోబరు 2న మొదలయ్యాయి. రమారమి రెండు వేల జనాభాకు ఒక గ్రామ సచివాలయం. అందులో పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, ఏఎన్‌ఎం, మహిళా పోలీసు, డిజిటల్ అసిస్టెంట్, సంక్షేమ–విద్యా సహాయకుడు, వ్యవసాయ, ఇంజనీరింగ్ సహాయకులు ఉండేవారు. యాభై ఇళ్లకు ఒక వాలంటీరు ఉండేవారు, వారికి నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చేవారు. శ్రీకాకుళం జిల్లాకు మరో ప్రత్యేకత ఉంది. నాణ్యమైన బియ్యాన్ని సంచుల్లో ఇంటికే అందించే ప్రయోగాన్ని 2019 సెప్టెంబరు 6న పలాసలో ఈ జిల్లాతోనే ప్రారంభించారు. కనుక కోవిడ్ వచ్చేసరికి ఏ ఇంట్లో ఎందరున్నారు, ఎవరికి ఏ కార్డుంది, ఎవరు ఊరు దాటి వెళ్లారు అన్న వివరం ఇక్కడి వాలంటీరు ఫోనులోనే ఉంది.

వాలంటీర్ల నియామకంలో పార్టీ ప్రమేయం ఉందని, కుటుంబ వివరాలు వారి చేతుల్లో ఉండడం ప్రమాదమని ప్రతిపక్షాలు విమర్శించాయి. కోవిడ్ సేవలను ప్రభుత్వం ఆ వ్యవస్థకు సమర్థనగా చూపింది. ఆ వాదం 2024 వరకు సాగింది.

మొదటి దశ

రాష్ట్రంలో తొలి కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడింది. మార్చి 22 జనతా కర్ఫ్యూ నాటి సాయంత్రమే రాష్ట్ర ప్రభుత్వం లాక్‌డౌన్ ప్రకటించింది. 25 నుంచి దేశవ్యాప్త లాక్‌డౌన్ వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో ఏప్రిల్ 25 దాకా ఒక్క కేసూ నమోదు కాలేదు. ఆ రోజు పాతపట్నం ప్రాంతంలో మొదటి కేసులు తేలాయి. అంటే ఒక నెల పాటు రోగం లేకుండానే రోగం తాలూకు కష్టం జిల్లా అనుభవించింది. జీడి పరిశ్రమలు మూతపడ్డాయి, పడవలు ఒడ్డుకు చేరాయి, వలస వెళ్లినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. పరీక్షలు, పడకలకు ముందుగా ఇక్కడ బియ్యం, డబ్బు అవసరమయ్యాయి.

కుటుంబాలకు సహాయం

బియ్యం, పప్పు. మార్చి 29 నుంచి రాష్ట్రంలో కార్డుదారులకు ఉచిత బియ్యం, కిలో కందిపప్పు ఇచ్చారు. కేంద్రం మార్చి 26న ప్రకటించిన ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ కింద మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం, కుటుంబానికి కిలో పప్పు అదనంగా వచ్చాయి. పంపిణీని విడతలుగా చేసి, డిపోల దగ్గర గుంపు చేరకుండా సచివాలయాలు వేళలు నిర్ణయించాయి.

నగదు. ఏప్రిల్ 4న తెల్లకార్డు కుటుంబాలకు వెయ్యి రూపాయల చొప్పున వాలంటీర్లు ఇంటి దగ్గరే ఇచ్చారు. జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు కేంద్రం మూడు నెలలు 500 రూపాయల చొప్పున జమచేసింది. ఈ డబ్బు బ్యాంకు నుంచి తీసుకోవాలంటే మళ్లీ వరుసలో నిలబడాలి. చేతికిచ్చిన వెయ్యికీ ఖాతాలో పడిన ఐదొందలకూ తేడా బస్సులు తిరగని ఆ నెలల్లో బ్యాంకు లేని ఊళ్లకు బాగా తెలిసింది.

పింఛన్లు. సామాజిక పింఛను ఒకటో తారీఖున ఇంటికే చేర్చే పద్ధతి 2020 ఫిబ్రవరి 1న మొదలైంది. ఏప్రిల్‌లో వేలిముద్ర వేయించడం ఆపి, ఫొటో తీసుకుని డబ్బు ఇచ్చారు. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఉద్దానంలో ఇంటి పెద్దే రోగి అయిన కుటుంబాలకు లాక్‌డౌన్‌లో ఆగకుండా వచ్చిన రాబడి అది.

కూలి, స్వయం సహాయక సంఘాలు. ఏప్రిల్ నుంచి ఉపాధి హామీ రోజు కూలి ఆంధ్రప్రదేశ్‌లో 211 నుంచి 237 రూపాయలైంది. ఏప్రిల్ మూడో వారం తరువాత దూరం పాటిస్తూ పనులు మళ్లీ మొదలయ్యాయి. ఇంటికి తిరిగొచ్చిన వలస కూలీలకు వేసవిలో దొరికిన పని ఇదే. మనిషికి మూడు చొప్పున రాష్ట్రమంతా 16 కోట్ల మాస్కులు పంచాలని ప్రభుత్వం నిర్ణయించి, కుట్టే పని డ్వాక్రా మహిళలకు ఇచ్చింది. ఏప్రిల్ 24న సంఘాల బ్యాంకు రుణాల వడ్డీని సున్నా వడ్డీ పథకం కింద చెల్లించింది.

పిల్లలు, బాలింతలు. బడులు మార్చి 19 నుంచి మూతపడ్డాయి. మధ్యాహ్న భోజనానికి బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు విద్యార్థుల ఇళ్లకు చేర్చారు. అంగన్‌వాడీల్లో వండి వడ్డించడం ఆగి, గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు సరుకులు ఇంటికిచ్చారు. తొమ్మిది, పది తరగతులు నవంబరు 2న తెరిచారు. రెండో దశ తరువాత బడులు మళ్లీ తెరుచుకున్నది 2021 ఆగస్టు 16న.

మత్స్యకారులు

శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి వేలాదిమంది ఏటా వేట కాలంలో గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వెళ్లి పడవలమీద పనిచేస్తారు. లాక్‌డౌన్ వారిని రేవులోనే నిలిపేసింది. గదులు అద్దెకు తీసుకున్నవాళ్లు కారు, పడవే వాళ్ల నివాసం. కొన్ని వారాలు అలా గడిచాక, రెండు రాష్ట్రాలు, కేంద్రం మాట్లాడుకుని ఏప్రిల్ చివర్లో నాలుగు వేలమందికి పైగా మత్స్యకారులను బస్సుల్లో ఉత్తరాంధ్రకు తెచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్కరికి రెండు వేల రూపాయలు ఇచ్చింది. వచ్చినవారిని క్వారంటైన్‌లో ఉంచి, పరీక్షలు చేసి ఇళ్లకు పంపే పని జిల్లా, మండల యంత్రాంగానిది.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. 2020లో అప్పటికే మూడు వారాలు వేట పోయింది కనుక కేంద్రం నిషేధాన్ని మే 31తో ముగించింది. నిషేధ కాలానికి అప్పట్లో ఇచ్చే మత్స్యకార భరోసా 10,000 రూపాయలు మే 6న ఖాతాల్లో పడ్డాయి. అయితే ఆ జాబితా ఇక్కడి పడవల ఆధారంగా తయారైనది. పరాయి రాష్ట్రం పడవ మీద కూలికి వెళ్లినవాడికి పథకం వేరు, కష్టం ఒకటే అన్న పరిస్థితి ఏర్పడింది.

క్వారంటైన్, రాకపోకలు

ఇచ్ఛాపురం అవతల ఒడిశా. రహదారి మీద కాలినడకన ఉత్తరాదికి పోయే కూలీలు, దక్షిణం నుంచి తిరిగొచ్చే జిల్లావాసులు మే నెలలో ఎదురెదురుగా నడిచారు. దారిపొడవునా భోజనం, నీరు ఏర్పాటుచేయాలని రాష్ట్రం ఆదేశించింది. ప్రభుత్వ ఏర్పాట్ల పక్కనే ఊళ్లవాళ్లు, స్వచ్ఛంద సంస్థలు అన్నం, మజ్జిగ పెట్టారు.

తిరిగొచ్చినవారిని బడులు, వసతి గృహాలు, పంచాయతీ భవనాల్లో 14 రోజులు ఉంచారు. భోజనం, మంచాలు, మరుగుదొడ్ల బాధ్యత పంచాయతీ కార్యదర్శిది, ఆరోగ్యం ఏఎన్‌ఎంది, కాపలా మహిళా పోలీసుది. గడువు ముగించుకుని వెళ్లే పేదలకు రెండు వేల రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ఏప్రిల్‌లో ప్రకటించింది. పల్లె బడిలో రెండు మరుగుదొడ్లతో పదులమందిని ఉంచడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. తరువాత ఇంట్లోనే వేరుగా ఉండే పద్ధతి ప్రధానమైంది. అప్పుడు సమస్య ఇంటి వైశాల్యానికి మారింది. ఒకే గది ఇళ్లున్న మత్స్యకార వాడల్లో గోడకు గోడ ఆనుకునే ఉంటుంది.

ప్రజారోగ్య చర్యలు

ఇంటింటి సర్వే. విదేశాల నుంచి వచ్చినవారిని గుర్తించడంతో మొదలై, తరువాత జ్వరం, దగ్గు, ఆయాసం ఉన్నవారి జాబితాగా మారింది. వాలంటీరు వివరం తెస్తే, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం వెళ్లి చూసి, వైద్యాధికారికి చెప్పేవారు. ఇలాంటి సర్వేలు రెండేళ్లలో అనేకసార్లు జరిగాయి. ఒక్కోసారి జ్వరం ఉన్నా చెప్పకపోవడం ఇళ్లలో కనిపించింది. పాజిటివ్ అని తేలితే వీధికి కర్రలు కడతారన్న భయం దానికి కారణం.

పరీక్షలు, వైద్యం. మొదట ట్రూనాట్ యంత్రాలు, శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ప్రయోగశాల పనిచేశాయి. 2020 జులై నుంచి ఆర్టీసీ బస్సులను మార్చి తయారుచేసిన ‘సంజీవని’ వాహనాలు నమూనాల సేకరణకు ఊళ్లకు వచ్చాయి. అదే నెల ఒకటిన రాష్ట్రం 108, 104 కోసం 1,088 కొత్త వాహనాలు ప్రారంభించింది. తీవ్రమైన కేసులను శ్రీకాకుళం సర్వజన ఆస్పత్రికి, రాగోలులోని జెమ్స్ ఆస్పత్రికి పంపేవారు. టెక్కలి ప్రభుత్వాస్పత్రి, కోటబొమ్మాళి, పలాస, సోంపేట సామాజిక ఆరోగ్య కేంద్రాలు తొలి ఆసరా. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఊపిరి అందని రోగికి ఆ దూరమే మొదటి ప్రమాదం. కోవిడ్ చికిత్సను రాష్ట్రం 2020 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీలో, బ్లాక్ ఫంగస్‌ను 2021 మేలో చేర్చింది.

కిడ్నీ రోగులు. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు తప్పదు. లాక్‌డౌన్ అని మానడానికి వీల్లేదు. సోంపేట, కవిటి, పలాస, టెక్కలి కేంద్రాలు అత్యవసర సేవగా నడిచాయి. ఆటోలు, బస్సులు లేని రోజుల్లో రోగిని కేంద్రానికి చేర్చడమే పెద్ద పని అయింది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి కోవిడ్ సోకితే ప్రాణాపాయం ఎక్కువ, పైగా ఇంటి నుంచి కదలకుండా ఉండడం వారికి కుదరదు. వృద్ధులు, రోగులు ఇంట్లోనే ఉండాలన్న సాధారణ సలహా ఉద్దానంలో వీరికే అక్కరకు రాలేదు.

పారిశుద్ధ్యం. హైపోక్లోరైట్ పిచికారీ, బ్లీచింగ్, కాలువల శుభ్రత, చెత్త ఎత్తడం పంచాయతీ, పురపాలక పారిశుద్ధ్య కార్మికుల పని. పాజిటివ్ వచ్చిన ఇంటి చెత్తను వేరుగా తీసుకెళ్లినదీ, చాలాచోట్ల దహనానికి వెళ్లినదీ వీళ్లే. వీరిలో ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికులు.

మృతదేహాల నిర్వహణ

ఈ ప్రాంతంలో స్థానిక పాలన అన్నిటికన్నా బలహీనంగా కనిపించింది చావు దగ్గర. 2020 జూన్ 26న పలాసలో ఇంట్లో చనిపోయిన ఒక వృద్ధుడికి కోవిడ్ అని తేలింది. ఆయన పురపాలక సంఘంలో పనిచేసినవారే. చుట్టుపక్కలవారు భయపడడంతో మృతదేహాన్ని జేసీబీ తొట్టెలో శ్మశానానికి తరలించారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. పురపాలక కమిషనరును, శానిటరీ ఇన్‌స్పెక్టరును కలెక్టరు సస్పెండ్ చేశారు, మృతదేహాన్ని అలా తరలించడాన్ని ముఖ్యమంత్రి తప్పుపట్టారు. మృతదేహాన్ని సంచిలో ఉంచి, రక్షణ దుస్తులతో, వాహనంలో తీసుకెళ్లాలన్న మార్గదర్శకాలు అప్పటికే ఉన్నాయి. పట్టణంలో అందుకు కేటాయించిన వాహనం, శిక్షణ పొందిన మనుషులు, ఇరుగుపొరుగును ఒప్పించగల ప్రజాప్రతినిధి లేకపోవడం ఈ ఘటనలో బయటపడింది. ఆ జులైలో కోవిడ్ మృతుల అంత్యక్రియలకు 15,000 రూపాయలు ఇవ్వాలని రాష్ట్రం నిర్ణయించింది.

డబ్బు కేటాయించినంత మాత్రాన వాహనం రాలేదు. 2021 ఏప్రిల్ చివర్లో కాశీబుగ్గలో చికిత్సకు వచ్చి మరణించిన మందస మండలం మహిళను, వాహనం దొరక్క కుటుంబసభ్యులు మోటారు సైకిలు మీద ఊరికి తీసుకెళ్లారు. మే మొదట్లో జిల్లాలోనే జి.సిగడాం మండలంలో, విజయవాడ నుంచి వచ్చిన రోగిని ఊళ్లోకి రానివ్వలేదు. ఊరి బయట ఆయన కళ్లముందే చనిపోతుంటే దగ్గరకు వెళ్లింది కూతురొక్కతే. ఇంటింటి జాబితా ఉన్న వ్యవస్థకు ఊరి భయాన్ని తగ్గించే మార్గం తెలియలేదనడానికి ఈ రెండు దశల ఘటనలూ సాక్ష్యం.

రెండో దశ, సర్పంచుల రాక

పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా, పురపాలక ఎన్నికలు మార్చి 10న జరిగాయి. ఇచ్ఛాపురం, పలాస–కాశీబుగ్గలకు పాలకవర్గాలు వచ్చాయి. కొత్త సర్పంచులు ఏప్రిల్‌లో బాధ్యతలు తీసుకునేసరికి రెండో దశ ఊళ్లలోకి వచ్చేసింది. మండల, జిల్లా పరిషత్ స్థానాలకు ఏప్రిల్ 8న పోలింగ్ జరిగినా, న్యాయ వివాదం వల్ల లెక్కింపు సెప్టెంబరు 19 దాకా ఆగింది. అంటే రెండో దశలో గ్రామానికి ప్రతినిధి ఉన్నాడు, మండలానికి లేడు.

ఏప్రిల్ 24 నుంచి రాత్రి కర్ఫ్యూ, మే 5 నుంచి మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ అమలయ్యాయి. పల్లెల కోసం కేంద్రం మే 16న ఇచ్చిన మార్గదర్శకాలు గ్రామ స్థాయి ఐసొలేషన్ కేంద్రాలు, ఆక్సీమీటర్లు, ఆశాల ద్వారా పర్యవేక్షణ కోరాయి. ఆక్సిజన్ కొరత తీరేందుకు పెట్టిన 144 ఉత్పత్తి యూనిట్లు ప్రభుత్వాస్పత్రుల్లో ప్రారంభమైంది 2022 జనవరి 10న, ఆ దశ గడిచి ఆరు నెలలయ్యాక.

టీకాలు

2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలై, మార్చి 1 నుంచి అరవై దాటినవారికి, ఏప్రిల్ 1 నుంచి నలభై అయిదు దాటినవారికి టీకా ఇచ్చారు. మే నెలలో డోసులు కొరవడి ఆరోగ్య కేంద్రాల ముందు వరుసలు పెరిగాయి. జూన్‌లో రాష్ట్రం ఒక కుటుంబ దృష్టితో నిర్ణయం తీసుకుంది. మూడో దశలో పిల్లలకు సోకవచ్చన్న అంచనాతో అయిదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు వయసుతో పనిలేకుండా ముందుగా టీకా వేయించింది. ఆ జాబితా అంగన్‌వాడీ, వాలంటీరు, ఏఎన్‌ఎంల దగ్గర సిద్ధంగానే ఉంది. జూన్ 20న ఒక్కరోజే రాష్ట్రంలో 13 లక్షలకు పైగా డోసులు వేశారు.

పరిహారం, అనాథ పిల్లలు

తల్లిదండ్రులిద్దరినీ కోవిడ్‌లో పోగొట్టుకున్న పిల్లల పేర 10 లక్షల రూపాయల డిపాజిట్ చేసే పథకాన్ని రాష్ట్రం 2021 మేలో తెచ్చింది. వడ్డీ పోషణకు, అసలు పాతికేళ్లు నిండాక. మే 29న కేంద్రం ప్రకటించిన పథకంలో 10 లక్షలు 23 ఏళ్లకు చేతికొస్తాయి. సుప్రీంకోర్టు జూన్ 30 తీర్పు తరువాత ప్రతి మరణానికి 50,000 రూపాయల పరిహారం ఖరారైంది. పరీక్షలో పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు మరణాన్ని కోవిడ్ మరణంగా లెక్కించారు. పరీక్ష చేయించకుండా ఇంట్లోనే చనిపోయినవారి కుటుంబాలకు ఈ నిబంధన అడ్డంకి. జ్వరం దాచిన ఇళ్లకు ఆ దాపరికం ఇలా తిరిగొచ్చింది. అర్జీ పరిశీలన జిల్లా స్థాయి కమిటీది, మరణ ధ్రువపత్రం ఇచ్చేది పంచాయతీ, పురపాలక సంఘం.

నిధులు

పై సహాయంలో పంచాయతీ సొంత రాబడి నుంచి ఇచ్చింది దాదాపు ఏమీ లేదు. ఇంటి పన్ను, సంతల పాట మీద బతికే చిన్న పంచాయతీకి బ్లీచింగ్, కూలీల ఖర్చే భారం. పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో పెద్ద భాగాన్ని నీటికి, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది. 2021 మే 8న కేంద్రం 25 రాష్ట్రాల గ్రామీణ స్థానిక సంస్థలకు 8,923.8 కోట్ల రూపాయలను షరతుల్లేకుండా విడుదల చేసింది. అదే ఏడాది చివర్లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేశారని ఆంధ్రప్రదేశ్ సర్పంచులు ఆందోళనకు దిగారు. బకాయిలు పంచాయతీలవే కనుక ఆ సర్దుబాటు సరైనదేనన్నది ప్రభుత్వ వాదన. 2021–26కు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు ఇవ్వాలని అదే ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. పల్లెల్లో ఆరోగ్య ఉపకేంద్రాల భవనాలు, పరీక్షల సదుపాయాలు ఈ పద్దు కిందివే.

తరువాతి మార్పులు

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పలాస రెవెన్యూ డివిజను ఏర్పడింది. కోటబొమ్మాళి టెక్కలి డివిజనులోనే ఉంది. 2019లో శంకుస్థాపన జరిగిన పలాస కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీరందించే 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం వాలంటీర్లను పంపిణీ పనులకు దూరం పెట్టింది. ప్రభుత్వం మారాక 2024 జులై 1 నుంచి సచివాలయ ఉద్యోగులే ఇంటింటికీ పింఛన్లు ఇస్తున్నారు. కోవిడ్‌లో గడప గడపకూ తిరిగిన వాలంటీరు వ్యవస్థ ఆగిపోయింది, ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు కొనసాగుతున్నారు (చూ. గ్రామ సచివాలయం, ఆశా కార్యకర్త, తిత్లీ తుపాను).